బాలమణి అత్తమ్మ పెట్టిన రంగుల పేర్లు

మొన్న మా కంపెనీలో సృజనాత్మకత మీద ఒక పూట శిక్షణ పెట్టారు. పాశమైలారంలో మందులకు ముడిసరుకు తయారుచేసే కంపెనీ మాది. అక్కడ సృజనాత్మకత అవసరమయ్యేది ఆలస్యంగా వచ్చినవాళ్ళు గేటు దగ్గర కారణం చెప్పేటప్పుడు మాత్రమే. శిక్షణ ఇవ్వడానికి హైదరాబాద్ నుంచి వచ్చినాయన ఇస్త్రీ చెడని చొక్కా వేసుకున్నాడు. క్యాంటీన్ బల్లలు పక్కకు నెట్టించి, కుర్చీలు గుండ్రంగా వేయించి, “మీ జీవితంలో మీరు చూసిన అందరికన్నా క్రియేటివ్ మనిషి ఎవరు?” అని ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాడు. ఒకరు సినిమా దర్శకుడి పేరు చెప్పారు, ఒకరు ఫోన్లు కనిపెట్టినాయన పేరు చెప్పబోయి మర్చిపోయారు. బాయిలర్ దగ్గర పనిచేసే ఒడిశా అబ్బాయి “మేరీ మా” అన్నాడు, మా అమ్మ అని. అందరం చప్పట్లు కొట్టాం, ట్రైనర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నా వంతు వచ్చేసరికి టీ వచ్చింది. మా కంపెనీలో టీకి అడ్డం నిలబడగల ప్రశ్న ఇంకా పుట్టలేదు.

టీ రాకపోయి ఉంటే నేను బాలమణి అనే పేరు చెప్పి ఉండేదాన్ని. ముందుగా అనుకున్నది కాదు, నాలుక చివరికి దానంతట అదే వచ్చి కూర్చుంది. బాలమణి మా మేనత్త, మా నాయనకు అక్క. ఆమెను ఎవరూ ఎన్నడూ క్రియేటివ్ అనలేదు. కళ అన్న మాట కూడా మా ఇంట్లో ముఖానికి సంబంధించిందే, జ్వరం వస్తే పోయేది, తగ్గితే వచ్చేది. అత్తమ్మను అందరూ అన్న మాట ఒకటే: “దానికి పనిలేదు.” పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా పనిచేసే మనిషిని ఆ మాట అనాలంటే అన్నవాళ్ళకే కొంత ఊహాశక్తి ఉండాలి.

నేను క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. తెల్లకోటు వేసుకుని, గాజుకుప్పెను వెలుతురుకు ఎత్తిపట్టి, లోపల ఉన్నదాని రంగేమిటో రాయడం నా పని. రాయడానికి అనుమతి ఉన్న మాటలు తెలుపు, ఇంచుమించు తెలుపు, లేత పసుపు. వాటి మధ్య ఇంకే లోకమూ లేదు. కొత్తలో ఒకసారి “అటుకుల రంగు” అని రాశాను. మా మేనేజర్ కోప్పడలేదు, జాలిపడ్డారు. “అటుకులు మన స్టాండర్డ్‌లో లేవమ్మా” అని, ఆ మాట గీతతో కొట్టేయించి పక్కన సంతకం పెట్టించారు. ఆ అలవాటు నాకు ఎవరి దగ్గర అంటిందో ఆయనకు చెప్పలేదు. చెబితే ఆమెను కూడా కొట్టేసి పక్కన సంతకం పెట్టమనేవారు.

శిక్షణ జరిగిన సాయంత్రమే, కంపెనీ బస్సులో ఉండగా, కొల్లూరు నుంచి అత్తమ్మ ఫోను చేసింది. ఆమే, ఆమె భర్త మల్లయ్య మామా ఇప్పుడు అక్కడ సర్కారు ఇచ్చిన రెండు గదుల ఇంట్లో ఉంటున్నారు.

“పిల్లా, సద్దుల బతుకమ్మ దగ్గరకొచ్చె. జెర గునుగు పువ్వు కోసుకరా. ఈసారి నేనే పేరుస్త.”

“నీ చేతులు?” అన్నాను.

“చేతులు యాడికి బోతయే, నా యెంటనే ఉన్నయ్.”

ఉన్నాయి, కాదనను. కానీ ఆ చేతులకు స్పర్శ పోయి చాలాకాలమైంది. అప్పటినుంచి ఆమె బతుకమ్మ పేర్చలేదు. పండుగనాడు కాలనీ ఆడవాళ్ళందరూ తలా ఒకటి తెచ్చి మధ్యలో పెట్టి తిరుగుతుంటే, ఈమె బాల్కనీలో మంచం మీద కూర్చుని పైనుంచి చూస్తుంది. పైనుంచి చూస్తే వంకరలన్నీ కనబడతాయట. “ఒక్కటి తిన్నగ లేదు. అన్నీ తాగొచ్చినట్టు ఒరిగినయ్” అంటుంది. ఆ మాటలో ఎంత దుఃఖం ఉందో పసిగట్టి మామ వెంటనే టీవీ పెడతాడు.

నా చిన్నప్పుడు పాశమైలారంలో మా ఇంటికీ అత్తమ్మ ఇంటికీ నడుమ ఒకటే గోడ. మా తాత పొలం నేను పుట్టకముందే కంపెనీల కిందికి పోయింది. మిగిలినవి రెండు ఇళ్ళు, ఒక బర్రె, పొలం గురించిన మాటలు. భూమి ఉన్న ఇళ్ళలో వానల గురించి మాట్లాడుకుంటారు, భూమి పోయిన మా ఇంట్లో భూమి గురించే మాట్లాడుకునేవాళ్ళం. అత్తమ్మ పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి చల్లడం అయ్యాక చీపురు పట్టుకునే నిలబడి ముక్కు పైకెత్తేది. ఆ రోజు గాలి ఏమిటో ఇంటిల్లిపాదికీ ప్రకటించడం ఆమె పని. “ఇయ్యాల కంపెనోడు ఉల్లిగడ్డ పొయ్యి మీద బెట్టి మర్సిపోయిండు.” ఇంకోరోజు “ఇయ్యాల మీ మామ మేజోళ్ళు.” మామ లోపలినుంచి “నా మేజోళ్ళు ఉతికినయే” అని అరిచేవాడు. ఎప్పుడో ఒకరోజు బాగా మగ్గిన అరటిపండులా తియ్యటి వాసన వచ్చేది. ఆరోజు మాత్రం ఆమె నవ్వేది కాదు. “లోపల పెండ్లయితాంది, కిటికీలు ముయ్యుండ్రి” అనేది. తియ్యటి వాసన వచ్చిన రోజునే పిల్లలం కక్కుకునేవాళ్ళం. వాసనల్లో చెడ్డది ఏదో మాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, ఆ పెండ్లి చెప్పింది.

ఆమె చేతులు ఖాళీగా ఉండగా నేను చూడలేదు. మామ గోడౌన్‌లో హమాలీ. పెట్టెలకు బిగించే ప్లాస్టిక్ పట్టీలు కోసి పారేస్తే చుట్టలు చుట్టి తెచ్చేవాడు. నులక మంచానికి నులక పాతబడితే అత్తమ్మ ఆ పట్టీలతో అల్లేసేది. పసుపు, నీలం, తెలుపు, అక్కడక్కడా ఒక ఆకుపచ్చ. ఏ రెండు మంచాల అల్లికా ఒకటిగా ఉండేది కాదు. నేను పడుకున్నదాని మీద పేకముక్కల్లో డైమండు లాంటివి బారుగా వచ్చేవి, వేసవిలో లేచాక అవే నా వీపు మీద అచ్చుపడేవి. “చదువుకోకపోతే ఏమాయె, వీపు మీద లెక్కలన్న ఉన్నయ్” అనేది మా అమ్మ.

పగలంతా అత్తమ్మ ఖాళీ డ్రమ్ములు కడిగే షెడ్డులో కూలి. కంపెనీల నుంచి వచ్చిన నీలం డ్రమ్ములను లోపలికంటా చెయ్యి పెట్టి తోమి, ఎండబెట్టి, తిరిగి అమ్మకానికి సిద్ధం చేయాలి. షెడ్డువాడు రబ్బరు తొడుగులు ఇచ్చాడు, ఇవ్వలేదని అనకూడదు. అత్తమ్మ వాటి వేళ్ళు కత్తిరించి దూడకు పాలు పట్టింది, మిగిలిన ముక్కను నల్లాకు చుట్టింది. ఎందుకు తొడుక్కోవని మా అమ్మ అడిగితే ఆమె అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. “గవి ఏసుకుంటే చేతికేం తెలుస్తదే? డ్రమ్ము సాఫయిందా లేదా చెప్పాల్సింది చెయ్యే గదా.”

షెడ్డు వెనక కంపెనీ గోడ, గోడ కింద ఒక మోరీ. మా పొలం నుంచి చెరువుకు పోయే పాత కాలువే అది. అందులో నీళ్ళు రోజుకో రంగులో వచ్చేవి. ఊళ్ళో అందరూ ముక్కు మూసుకుని దాటేవాళ్ళు. అత్తమ్మ మాత్రం అక్కడ ఆగి, కొంగు నడుముకు దోపి, కాసేపు చూసి, ఇంటికొచ్చి పేరు చెప్పేది. ఎరుపు, పచ్చ, ఊదా అని మామూలు పేర్లు ఆమె నోట ఎన్నడూ రాలేదు. “ఇయ్యాల పచ్చకామెర్లోని కండ్లు.” “ఇయ్యాల ఉడికిన పుంటికూర.” “ఇయ్యాల తోడుకోని పెరుగు మీది తేట.” ఒక దీపావళి ముందు రోజు నురగలో ఎండ పడితే పరుగున వచ్చి “పోలీసు జీపు లైటే పిల్లా, తిరుగుతాంది సూడు పో” అంది. వెళ్ళి చూశాను. నిజంగానే తిరుగుతోంది. అది విషమని నాకు అప్పటికే తెలుసు. అందంగా ఉందని మాత్రం ఆమె చెప్పేదాకా తెలియలేదు. ఈ రెండు సంగతులను ఒకే బుర్రలో ఎలా పెట్టుకోవాలో ఈరోజుకీ తెలియలేదు.

ఒక సంవత్సరం బతుకమ్మకు తంగేడు దొరకలేదు. గుట్ట కింది తంగేడు పొదలను జేసీబీలు ఎత్తేసి ప్లాట్ల రాళ్ళు పాతారు. మిగిలింది గునుగు ఒక్కటే. గునుగు ఎక్కడైనా పెరుగుతుంది, దానికి ఆత్మాభిమానం లేదు. కానీ తెల్లగా ఉంటుంది, దానికి మనమే రంగు అద్దాలి. దుకాణంలో కొన్న పొట్లాల రంగు రెండో వరస పేర్చేలోపే వెలిసిపోయేది. సద్దులనాడు పొద్దున అత్తమ్మ బయటినుంచి పరుగులాంటి నడకతో వచ్చి బకెట్ తీసుకుంది.

“నేరేడుపండు తిన్న నాలుక,” అంది. అంతే, వెళ్ళిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు బకెట్ నిండుగా ఉంది.

మా అమ్మ వాకిట్లోనే ఆపింది. “ఓ వదినా, అవి కంపెనీ నీళ్ళు!”

“కంపెనీయి యెట్లయితయ్? మా నాయన పొలంలకెల్లి వస్తున్నయ్. మనయే.”

న్యాయశాస్త్రం చదివినవాళ్ళు ఈ వాదనను ఎలా ఎదుర్కొంటారో తెలియదు, మా అమ్మ మాత్రం పక్కకు జరిగింది. అత్తమ్మ గునుగు కట్టలను ఆ బకెట్‌లో ముంచి తీసి తీగ మీద ఆరేసింది. సాయంత్రానికి తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, వరస మీద వరస, నా భుజం దాకా పేర్చింది. కింద తెల్లగునుగు, పైన ఈ నేరేడు నాలుక, మధ్య ఒకే ఒక వరస బంతి. ఒక్క కాడ కూడా బయటికి రాలేదు. పేర్చేటప్పుడు ఆమె పూలవంక చూసేది కాదు, మాతో మాట్లాడుతూ ఉండేది. వేళ్ళే ఒకదానికొకటి చెప్పుకుని పెట్టేవి.

వీధి నడుమ దించాక ఎవరూ పాట ఎత్తుకోలేదు. అందరూ దానినే చూస్తున్నారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన రాజేశ్వరిగారని, భర్త ప్రభుత్వ ఫ్యాక్టరీలో పనిచేసేవారు, ఆమె దగ్గరికి వచ్చి వంగి చూసి, “అబ్బ! ఈ రంగు ఏ షాపులో కొన్నారండీ? మా వైపు చీరల్లో కూడా చూళ్ళేదు” అంది. అత్తమ్మ పమిట సర్దుకుంది. “దుకాణంల దొరకదమ్మా. ఒక్క దినమే వస్తది.” నాకు తెలిసి ఆమె జీవితంలో అందుకున్న సన్మానం అదొక్కటే. శాలువా లేదు, మైకు లేదు, అందువల్ల త్వరగా అయిపోయింది.

ఆ తర్వాత జరిగింది ఎవరైనా విషాదంగా చెప్పగలరు, నాకు చేతకాదు. చెరువు దగ్గర పసుపు గౌరమ్మను తీసి ఆడవాళ్ళు చెంపలకు రాసుకుంటే చెంపలు ఊదాగా మారాయి, వారందాకా ఆ రంగు పోలేదు. చెరువు నిండా మోకాలెత్తు నురగ. బతుకమ్మను వదిలితే నీళ్ళు అందలేదు, నురగ మీదే నిలబడింది. సాగనంపే పాట రెండుసార్లు పాడారు. మూడోసారికి గొంతులు పోయాయి. అదింకా అక్కడే ఉంది. మామ కట్టె తెచ్చి తోస్తే కొంచెం పక్కకు జరిగి మళ్ళీ నిలబడింది. “దానికి పోబుద్ధయితలేదు” అంది అత్తమ్మ, కొంచెం గర్వంగానే. మర్నాడు పొద్దున కూడా అక్కడే ఉంది. చెరువులో చచ్చి తేలిన చేపలు దాని చుట్టూ చేరి ఉన్నాయి.

మరుసటి ఏడు వీధి ఆడవాళ్ళందరూ బకెట్లతో మోరీకి వెళ్ళారు. రాజేశ్వరిగారు కూడా. ఆ రోజు రంగు “పాత రాగి చెంబు” అని అత్తమ్మ చెప్పింది, ఇది మంచిది కాదని కూడా చెప్పింది, అసూయ అనుకున్నారు. సాయంత్రం ఆటలో చప్పట్ల కంటే గోకుడే ఎక్కువైంది. అందరి చేతులూ బొబ్బలెక్కాయి. డాక్టరు ఏం ముట్టుకున్నారని అడిగితే అందరూ ఒకేమాట చెప్పారు: పువ్వులు. ఆయన పూల ఎలర్జీ అని రాసిచ్చాడు. మా ఊరి చరిత్రలో దానిని మించిన జోకు నేనూ వెయ్యలేదు.

అందరి బొబ్బలూ మానాయి. అత్తమ్మవి కూడా. కానీ కొన్నేళ్ళకు ఆమె చేతుల్లోంచి ఒక్కొక్కటే వెళ్ళిపోవడం మొదలైంది. మొదట ఉప్పు. గళ్ళుప్పో మెత్తనుప్పో చూడకుండా చెప్పలేకపోయింది. తర్వాత సూది. తర్వాత మంచం పట్టీ బిగువు. అల్లిన మంచాలు నడుమ గుంతపడేవి, మేం ఆ గుంతలోనే పడుకునేవాళ్ళం. పెద్దాసుపత్రిలో నరాలు చచ్చుబడ్డాయన్నారు. డ్రమ్ములా, మోరీనా, ఏది ఆ వేళ్ళను తిన్నదో చెప్పగల పరీక్ష లేదన్నారు. అత్తమ్మ మాత్రం తీర్పు ఇచ్చేసింది. “డ్రమ్ములే. గునుగును ఏమన్నరంటే మంచిగుండదు.” షెడ్డువాడిని కూడా ఏమీ అననివ్వలేదు, వాడు గ్లోజులు ఇచ్చాడు కదా అనేది.

మా కంపెనీ గోడ మీద ఇప్పుడు “ఆలోచించు, ఆవిష్కరించు” అని రాసి ఉంది. అప్పుడు మా ఊళ్ళో గోడల మీద “ఇక్కడ మూత్రం పోయరాదు” అని మాత్రమే ఉండేది. రెండింటినీ ఎవరూ పాటించినట్టు కనబడదు. తేడా ఏమిటంటే, అప్పుడు ఆవిష్కరించే మనిషి ఉంది, చెప్పే గోడ లేదు. ఇప్పుడు గోడ ఉంది. మోరీ మీద సిమెంటు పలకలు వేశారు. కింద ఏ రంగు పోతోందో, అసలు పోతోందో లేదో, చూసి పేరు పెట్టే వీలు ఎవరికీ లేదు.

ఆదివారం నాడు ఔటర్ రింగ్ రోడ్డు కంచె పక్కన సంచి నిండా గునుగు కోసి, పటాన్‌చెరులో గులాబి రంగు పొట్లం కొని కొల్లూరు వెళ్ళాను. మామ డ్యూటీకి పోయాడు. అత్తమ్మ తల దువ్వుకుని, తాంబాలం తోమి, పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్ళు పెట్టి, పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు కూర్చుని ఉంది.

“గింతేనా తెచ్చింది? మీ కంపెనీల గింతే జీతమా?”

ముందు కట్టలు కట్టాలి. ఒక గుప్పెడు కాడలు తీసుకుంది. వాటిని చూస్తున్నంతసేపు అవి చేతిలో ఉన్నాయి. నా వైపు తిరిగి ఏదో అనబోయేసరికి రాలిపోయాయి. మళ్ళీ తీసుకుంది, మళ్ళీ నా వైపు తిరిగింది, మళ్ళీ రాలాయి. “కండ్లతోని పట్టుకుంటున్ననే పిల్లా,” అంది. “కండ్లు మర్లంగనే ఇడిసిపెడుతున్న.”

“నేను కడతా. నువ్వు చెప్పు.”

“ఏం చెప్పాలె? చెయ్యి చెప్తది గది. నాకేమెర్క?”

నేనే కట్టాను. నా కట్టలు ఇంటర్వ్యూకు తల దువ్వుకుని వచ్చి గాలికి దొరికిపోయిన కుర్రాళ్ళలా ఉన్నాయి. ఆ మాటంటే పడిపడి నవ్వింది. “సరే తియ్యి, ముంచుడు నాకిడిసిపెట్టు. ముంచేటందుకు ఏళ్ళెందుకు?” అని కట్టలు కొంగులో వేసుకుని పొయ్యి దగ్గర నిలబడింది. నేను పొట్లం విప్పి నీళ్ళలో పోసి, ఇవతలికి వచ్చి తాంబాలంలో ఆకులు పరచడం మొదలుపెట్టాను. వెనక నుంచి ఆమె మాట వినిపిస్తూనే ఉంది.

“నేరేడు నాలుక మల్ల రాలే పిల్లా. ఎన్ని దినాలు సూసిన. రాగి చెంబొచ్చింది, కామెర్లొచ్చినయ్, గదొక్కటి రాలే. రాజేశ్వరమ్మ గదే అడుగుతుండె, మల్లెప్పుడొస్తదని…”

గిన్నెలోంచి కుతకుత వినబడి తిరిగి చూశాను. పొయ్యి మండుతూనే ఉంది. ఆవిరిలో ఆమె చెయ్యి మణికట్టు దాకా లోపల ఉంది. కట్టను అడుగుకు అదిమిపట్టి, నా వీపును చూస్తూ, మాట్లాడుతూ ఉంది.

పట్టుకుని బయటికి లాగాను. కట్ట జారి నేలమీద పడింది.

“ఏమైందే, గట్ల గుంజుతవ్?”

“నీళ్ళు మసులుతున్నాయి అత్తమ్మా.”

పొయ్యి వంక చూసింది. నా ముఖం చూసింది. తర్వాత ఆ చేతిని నల్లా కింద పెట్టాను. నేను కుప్పెను ఎత్తిపట్టినట్టు ఆమె దాన్ని వెలుతురుకు అటూ ఇటూ తిప్పింది. కొంత రంగు నీళ్ళతో పోయింది, కొంత పోలేదు. పోనిదాంట్లో పొట్లం రంగు ఎంతో, కాలిన తోలు ఎంతో తెలియలేదు. రంగు చూసి చెప్పినందుకే నాకు నెలనెలా జీతం ఇస్తారు. ఇలాంటప్పుడు నాకు ఏదో ఒక పిచ్చి మాట తోస్తుంది, ఎప్పుడూ తోస్తుంది, ఆ పూట తోచలేదు. చిన్నప్పుడు మోరీ దగ్గర నుంచి ఆమె వస్తే అడిగే ప్రశ్న మాత్రం మిగిలింది.

“దీనికేం పేరు పెడతవ్ అత్తమ్మా?”

ఆమె చేతిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది. నల్లా కారుతూనే ఉంది. ఏ పండు వస్తుందో, ఎవరి నాలుక వస్తుందోనని నేను ఎదురుచూశాను.

“ఎర్రగున్నది,” అంది.